అతుకుల బట్టలు కుట్టేటప్పుడు రంగు కన్నా ముందు చూడాల్సినవి

2020లో బ్రిటిష్ గాయకుడు హ్యారీ స్టైల్స్ వేసుకున్న, జేడబ్ల్యూ ఆండర్సన్ అనే ఫ్యాషన్ సంస్థ తయారుచేసిన రంగురంగుల గళ్ల కార్డిగన్‌ను (ముందు బొత్తాలుండే అల్లిక స్వెటర్) చూసి టిక్‌టాక్‌లో ఎంతమంది అల్లడం మొదలుపెట్టారంటే, చివరికి ఆ సంస్థే అల్లిక నమూనాను ఉచితంగా ఇచ్చేసింది. అతుకుల బట్టల మీద మోజు అక్కడితో ఆగలేదు. ఇప్పుడు పాత చొక్కాలు, జీన్సు, దుప్పట్లు, టేబుల్ గుడ్డలు అన్నీ ముక్కలై జాకెట్లుగా, ప్యాంట్లుగా మారుతున్నాయి. ఒక్క తేడా ఉంది. అల్లిక సాగుతుంది, అటూ ఇటూ అరసెంటీమీటరు తప్పినా సర్దుకుంటుంది. నేసిన బట్ట అలా సర్దుకోదు. ఇంట్లో కుట్టిన అతుకుల జాకెట్లు కొన్ని ఉతుకులకే మెలి తిరిగాయంటే తప్పు చాలాసార్లు కుట్టులో ఉండదు, ముక్కలను రంగు చూసి మాత్రమే ఎంచుకోవడంలో ఉంటుంది.

ముందు బరువు చూడాలి. డెనిమ్ పక్కన పల్చటి వాయిల్ వేస్తే కుట్టు తెగదు, కుట్టు అంచునే వాయిల్ చిరుగుతుంది. ఏ రెండు ముక్కలు పక్కపక్కన రాబోతున్నాయో వాటిని కొసలు పట్టుకుని వేలాడదీయండి. ఒకటి బిర్రుగా నిలబడి, ఇంకోటి నీళ్లలా జారితే ఆ జత కుదరదు. పల్చటిదే కావాలనుకుంటే వెనక మరో పొర కాటన్ గానీ ఫ్యూజింగ్ (ఇస్త్రీతో అంటుకునే అడుగు పొర) గానీ వేసి బరువు సమం చేయాలి. టీషర్టు గుడ్డకైతే ఫ్యూజింగ్ వేయకుండా నేసిన బట్టతో కలపకపోవడమే మంచిది. మిషన్ పాదం కింద అది సాగిపోయి, కుట్టయ్యాక అలలు అలలుగా లేస్తుంది.

తర్వాత కుదింపు. కొత్త కాటన్ మొదటి ఉతుకులో 3 నుంచి 5 శాతం దాకా కుదించుకుపోవడం మామూలే. 15 సెం.మీ. ముక్క 4 శాతం తగ్గితే 6 మి.మీ. పోయినట్టు. పక్కనున్న పాలిస్టర్ ముక్క అంగుళం కదలదు, దాంతో కుట్టంతా ముడతలు పడుతుంది. అందుకే అన్ని ముక్కలనూ కత్తిరించకముందే ఉతికి, ఆరబెట్టి, ఇస్త్రీ చేయాలి. తయారయ్యాక వేడినీళ్లలో ఉతికే ఉద్దేశం ఉంటే ఇప్పుడే వేడినీళ్లు చూపించాలి. పాత బట్టలు ఎప్పుడో కుదించుకుని ఉంటాయి కాబట్టి ఈ పనికి కొత్త తానుల కన్నా అవే మేలు. కొత్త బట్టను కొని ముక్కలు చేసి మళ్లీ అతకడం నాకైతే అర్థంలేని పనిగా కనిపిస్తుంది. ఎరుపు, నీలిమందు రంగు ముక్కలపై తడి తెల్లగుడ్డ పెట్టి ఇస్త్రీ పెట్టెతో అదమండి. గుడ్డకు రంగు అంటితే ఆ ముక్కను మళ్లీ ఉతకండి, అప్పటికీ దిగుతుంటే పక్కన పెట్టేయండి.

పడుగు దారాలు, అంటే బట్ట పొడవునా పోయే దారాలు, అన్ని ముక్కల్లోనూ నిలువుగా ఉండాలి. పాత బట్టలో పడుగు ఎటుందో తెలియకపోతే రెండు వైపులా లాగి చూడండి, తక్కువ సాగే వైపే పడుగు. క్రాస్‌గా, అంటే ఐమూలగా, కత్తిరించిన ముక్క ఒక్కటి మధ్యలో చేరినా చాలు, వేలాడదీసిన రెండు రోజులకే అది కిందికి జారి అంచు వంకరవుతుంది.

దుప్పటికి పావు అంగుళం మార్జిన్ (కుట్టుకు బయట వదిలే అంచు) సరిపోతుంది, ఒంటిమీద వేసుకునేదానికి చాలదు. 1 సెం.మీ. వదలండి. కుట్టాక 10 సెం.మీ. ఉండాల్సిన చదరాన్ని 12కి కత్తిరించాలి, అంటే 44 శాతం బట్ట అదనం. అదే 15 సెం.మీ. చదరమైతే 17కి కత్తిరిస్తే చాలు, అదనం 28 శాతమే. బట్ట కలిసిరావడం ఒక్కటే కాదు, పెద్ద ముక్కలతో కుట్లు తగ్గుతాయి, జాకెట్ అట్టలా బిగుసుకోదు. 60 × 75 సెం.మీ. వెనక భాగానికి 15 సెం.మీ. చదరాలు నాలుగు వరసల్లో అయిదేసి, మొత్తం 20.

ముక్కలన్నీ కలిపి ముందు ఒక పెద్ద బట్టగా కుట్టి, ఇస్త్రీ చేసి, ఆ తర్వాతే దానిమీద ప్యాటర్న్ (జాకెట్ భాగాల ఆకారంలో ఉన్న కాగితపు నమూనా) పరిచి కత్తిరించాలి. కత్తెర పడిన ప్రతిచోటా చదరాల కుట్లు తెగి, కొసల దగ్గర విడిపోవడం మొదలెడతాయి. కాబట్టి కత్తిరించిన వెంటనే అంచుకు 5 మి.మీ. లోపల చుట్టూ ఒక కుట్టు వేసేయాలి. ఈ ఒక్క పని మర్చిపోయినందుకే ఎన్నో జాకెట్లు చంక దగ్గర విడిపోతాయి. నాలుగు ముక్కలు కలిసే మూల భుజం కుట్టు మీదో చంక మలుపు మీదో పడకుండా ప్యాటర్న్‌ను కాస్త జరపండి. డెనిమ్‌లో అలాంటి మూల ఎనిమిది పొరలవుతుంది, 80 నంబరు సూది అక్కడే విరుగుతుంది. డెనిమ్‌కు 100 నంబరు సూది, కుట్టు పొడవు 3 మి.మీ., మార్జిన్ రెండు పక్కలకీ విప్పి ఇస్త్రీ. మామూలు కాటన్‌కు 80 నంబరు, 2.5 మి.మీ.

ఇదంతా ముక్కకు ముక్క కలిపే పద్ధతి. అడుగున ఒక బట్ట ఉంచి దానిమీద ముక్కలు అతికే పద్ధతి ఇంకోటుంది. జపాన్‌లో పాత ముక్కలతో అతుకులు వేస్తూ వాడుకున్న బోరో బట్టలూ, పంక్ రాక్ సంగీతాన్ని ఇష్టపడే కుర్రకారు ప్యాచ్‌లతో నింపే జాకెట్లూ ఆ కోవవే. బలం అడుగు బట్టదే కాబట్టి బరువుల పట్టింపు తక్కువ, కొత్తగా మొదలుపెట్టేవాళ్లు దీనితోనే మొదలుపెట్టడం నయం. 3–4 మి.మీ. రన్నింగ్ కుట్టు, మూలల్లో రెండేసి పోట్లు. పంక్‌లు డెంటల్ ఫ్లాస్ వాడేది చూపు కోసం కాదు, అది మామూలు దారం కన్నా గట్టిది. ఇస్త్రీతో అంటుకునే జిగురు ప్యాచ్‌లను మాత్రం నమ్మొద్దు, ఉతికేకొద్దీ మూలలు లేస్తాయి. అంటించినా సరే చుట్టూ కుట్టాలి. మోకాలి మీద ప్యాచ్ వేసేటప్పుడు కాలు మడిచినట్టుగా బట్టను వంచి గుండుసూదులు గుచ్చండి. చదునుగా పరిచి కుడితే కూర్చున్న ప్రతిసారీ కుట్టు మీదే లాగుడు పడుతుంది.

పీచు బయటికి వేలాడాలని కుట్లను పైకి తిప్పి వేసేవాళ్లు మార్జిన్ 1.5 సెం.మీ. ఉంచుకుని, అసలు కుట్టు నుంచి అంచు వైపు 5 మి.మీ. దూరంలో సన్న జిగ్‌జాగ్ వేస్తే చిరుగు అక్కడితో ఆగుతుంది. కుట్లు లోపలే ఉంటే ఓవర్‌లాక్ (అంచు పీచు లేవకుండా చుట్టి కుట్టే కుట్టు) గానీ లైనింగ్ గానీ తప్పనిసరి.

ఉతికేటప్పుడు తిరగేసి, చల్లటి నీళ్లలో. బరువైన జాకెట్‌ను తడిగా హ్యాంగర్‌కు వేలాడదీయకుండా పరిచి ఆరబెట్టండి. ఎక్కడైనా ముక్క చిరిగితే విప్పి తీయాల్సిన పనిలేదు. దానికన్నా చుట్టూ 1 సెం.మీ. ఎక్కువ కొలతతో మరో ముక్క కత్తిరించి, అంచు లోపలికి మడిచి పైనే కుట్టేస్తే సరిపోతుంది.