గడువు దాటిన డొమైన్‌ని వెనక్కి తెచ్చుకోవడానికి మాకైన ఖర్చు

డాట్ కామ్‌తో ముగిసే వెబ్‌సైట్ పేరు, అంటే డొమైన్, ఒకదాన్ని ఏడాదికి రెన్యువల్ చేయించుకోవాలంటే 2025లో మామూలుగా 1,200 నుంచి 1,500 రూపాయలు అయ్యేది. 2025 వేసవిలో మా మావయ్య నర్సరీ పేరు చేజారబోతే దాన్ని వెనక్కి తెచ్చుకోవడానికి పదివేలకు కాస్త తక్కువ అయింది. మధ్యలో 45,000 ఇస్తే పని చేసిపెడతామన్నవాళ్ళు కూడా తగిలారు. ఒకే పేరుకి ఇన్ని రేట్లు ఎక్కడినుంచి వస్తాయో ఆ వేసవిలో బాగా తెలిసొచ్చింది. చిన్న వ్యాపారాలు చేసుకునేవాళ్ళకు అక్కరకొస్తుందని వివరంగా రాస్తున్నాను.

మావయ్యది కడియం దగ్గర నర్సరీ. నేను రాజమండ్రిలో ఉంటూ ఆయన లెక్కలు చూసిపెడతాను. కడియంలో ఒకటీ అరా మొక్కలు కొనేవాళ్ళు హైవే మీద కారు ఆపి కొనుక్కుపోతారు, వాళ్ళకు వెబ్‌సైట్‌తో పనిలేదు. అసలు వ్యాపారం లారీ లోడ్లది. బెంగళూరు, హైదరాబాద్, పుణె నుంచి ల్యాండ్‌స్కేప్ కాంట్రాక్టర్లు ఫాక్స్‌టెయిల్ పామ్ ఎన్ని అడుగులుంది, ఏ సైజు బ్యాగులో ఉంది, లోడింగ్‌తో కలిపి రేటెంత అని మెయిల్ పెడతారు. కొటేషన్ మెయిల్‌లోనే వెళ్ళాలి, ఆర్డరూ మెయిల్‌లోనే వస్తుంది. తొలకరికల్లా మొక్కలు సైటు మీద ఉండాలి కాబట్టి ఏప్రిల్, మే నెలల్లోనే బేరాలు ఖాయమవుతాయి. ఆ మెయిల్ ఐడీలన్నీ డొమైన్ పేరు మీదే ఉన్నాయి. పేరు పోతే సైట్‌తోపాటు మెయిల్ కూడా పోతుంది. మాలాంటి వ్యాపారానికి సైట్ కన్నా మెయిల్ పోవడమే పెద్ద దెబ్బ.

ఏప్రిల్‌లో బెంగళూరు కాంట్రాక్టర్ ఒకాయన ఫోన్ చేసి, "ఏంటండీ, మీకు మెయిల్ పెడుతుంటే తిరిగొచ్చేస్తోంది" అన్నాడు. సైట్ తెరిచి చూస్తే మా మొక్కల ఫొటోలు లేవు. తెల్లటి పేజీ, పైన ఈ డొమైన్ గడువు ముగిసింది అన్న ముక్క, దాని కింద వరసగా ఇండోర్ ప్లాంట్స్, గార్డెన్ సర్వీసెస్ అంటూ ప్రకటనల లింకులు. మా పేరు కొట్టుకుని మా దగ్గరికి వచ్చినవాళ్ళు ఆ లింకు నొక్కి ఇంకొకరి దగ్గరికి పోతున్నారు. నాకు కడుపు మండిపోయింది.

డొమైన్ తీసింది మా ఊరి కుర్రాడే. 2015లో సైట్ చేసినప్పుడు తన మెయిల్‌తో, తన కార్డుతో తీశాడు. 2020లో ఒకేసారి ఐదేళ్ళకు కట్టేసి, ఆటో రెన్యువల్ ఆన్ చేసి, ఆ తర్వాత ఉద్యోగానికి మస్కట్ వెళ్ళిపోయాడు. మావయ్య అతని మీద అరిచేశారు గానీ, నాకు అతని మీద కోపం రాలేదు. అతను చేయగలిగింది చేసే వెళ్ళాడు. ఆ ఆటో రెన్యువల్ ఎందుకు పనిచేయలేదన్నది తెలుసుకోవలసిన సంగతి. రిజర్వ్ బ్యాంక్ నిబంధనల ప్రకారం 2021 అక్టోబర్ 1 నుంచి, కార్డులోంచి ఎప్పటికప్పుడు దానంతటదే డబ్బు పోవాలంటే ముందుగా ఓటీపీతో ఈ-మాండేట్, అంటే కార్డుదారు ముందస్తు అనుమతి, నమోదై ఉండాలి. అంతకుముందెప్పుడో కార్డు నంబర్ ఇచ్చి వదిలేసిన ఏర్పాట్లు ఆ రోజు నుంచి చెల్లలేదు. వెబ్‌సైట్ ఖాతాలో మాత్రం ఆటో రెన్యువల్ ఆన్ అనే కనిపిస్తూ ఉంటుంది. 2021కి ముందు పెట్టిన సెట్టింగ్‌ని నమ్ముకుని ఉన్నవాళ్ళు ఇవాళే ఒకసారి తెరిచి చూసుకోండి.

"డొమైన్ అమ్మే అంత పెద్ద కంపెనీవాళ్ళు ఒక్క ఫోన్ చేసి చెప్పకూడదా?" అని మావయ్య బాధ. ఫోన్ చేయాలన్న రూలు లేదు. ప్రపంచవ్యాప్తంగా డొమైన్ పేర్ల వ్యవహారం చూసే ఐకాన్ అనే సంస్థ 2013 ఆగస్టు 31 నుంచి ఒక విధానం అమల్లో పెట్టింది. దాని ప్రకారం గడువుకు నెల ముందొకటి, వారం ముందొకటి, గడువు దాటాక ఐదు రోజుల్లోపు ఇంకొకటి నోటీసు పంపాలి. అవన్నీ పంపారు. ఆ కుర్రాడు తెరవడం మానేసిన పాత మెయిల్‌కి పంపారు. "మైక్రోసాఫ్ట్‌కే తప్పలేదు మావయ్యా" అని 1999 డిసెంబర్ సంగతి చెప్పాను. హాట్‌మెయిల్ లాగిన్‌కి వాడే పాస్‌పోర్ట్ డాట్ కామ్ ఫీజు కట్టకపోవడంతో క్రిస్మస్ రోజుల్లో జనం మెయిల్ తెరుచుకోలేకపోయారు. మైకేల్ చేనీ అనే ప్రోగ్రామర్ తన కార్డుతో 35 డాలర్లు కట్టి దాన్ని నిలబెట్టాడు. అది విన్నాక మావయ్య కాస్త నెమ్మదించారు.

ఇక అసలు దెబ్బ తగిలింది ఇక్కడ. రాజమండ్రిలో సైట్లు చేసే ఒకాయన్ని అడిగితే, డొమైన్ నమోదు రికార్డు తీసి చూసి, "2026 మార్చి దాకా ఉందండీ, హోస్టింగ్‌లో ఏదో ప్రాబ్లమ్ అయ్యుంటుంది" అన్నాడు. ఆయన చూసిన తేదీ నిజమే. డాట్ కామ్ పేర్లన్నిటి లెక్క ఒకే చోట రాసి ఉంచే సంస్థ, అంటే రిజిస్ట్రీ, అమెరికాలోని వెరిసైన్. గడువు తీరిన రోజునే ఆ రిజిస్ట్రీ తన పుస్తకంలో పేరుని ఇంకో ఏడాదికి దానంతటదే పొడిగించేస్తుంది. మనం పేరు కొన్న కంపెనీకి, అంటే రిజిస్ట్రార్‌కి, 45 రోజుల వెసులుబాటు ఉంటుంది. ఈలోపు మనం కట్టకపోతే ఆ కంపెనీ పేరుని రద్దు చేసి, రిజిస్ట్రీ దగ్గర తన డబ్బు వెనక్కి తీసుకోవచ్చు. అందుకే ఆ రోజుల్లో రికార్డులో వచ్చే ఏడాది తేదీ కనిపిస్తుంది. తేదీ ఒక్కటే చూడకుండా, దాని కింద స్టేటస్ అని ఉండే వరస చూడాలి. అక్కడ ఆటో రెన్యూ పీరియడ్ అని ఉంటే మన గడువు దాటిపోయి, వెసులుబాటు రోజులు నడుస్తున్నాయని అర్థం. ఆ రోజుల్లో చాలా కంపెనీలు మామూలు రెన్యువల్ డబ్బుకే పేరు ఇచ్చేస్తాయి. మేం సైట్ ఫైళ్ళు ఉంచే హోస్టింగ్ కంపెనీ వెంట తిరుగుతుండగా ఆ చవక రోజులు కాస్తా అయిపోయాయి.

ఏప్రిల్ చివర్లో ఆ ప్రకటనల పేజీ కూడా మాయమైంది. పేరు కొడితే అసలు ఏమీ తెరుచుకోవడం లేదు. ఐకాన్ వాళ్ళ లుకప్ పేజీలో నేనే చూశాను. స్టేటస్‌లో రిడెంప్షన్ పీరియడ్ అని పడింది. అంటే రిజిస్ట్రార్ పేరుని రద్దు చేసింది, పాత యజమాని విడిపించుకోవడానికి 30 రోజులు ఉన్నాయి. అవి కూడా దాటితే ఐదు రోజులు పెండింగ్ డిలీట్, అంటే పేరు తుడిచేయడానికి ముందు దశ. ఆ ఐదు రోజుల్లో ఎవరూ ఏమీ చేయలేరు. ఆరో రోజు నుంచి పేరు ఎవరికైనా దొరుకుతుంది. ఇలా వదిలేసిన పేర్లను పట్టుకోవడానికే ప్రోగ్రాములు రాసుకుని కూర్చునే కంపెనీలు ఉన్నాయి. పదేళ్ళ వయసుండి, ఎన్నో చోట్ల లింకులున్న పేరంటే వాళ్ళకు మంచి గిరాకీ.

ఆ వారంలోనే ఒక ఫోన్ వచ్చింది. మావయ్య నంబర్ పాత సైట్‌లో ఉండేది కదా, అక్కడే పట్టి ఉంటారు. "మీ డొమైన్ ఇప్పుడు మా కంట్రోల్‌లో ఉంది సార్, 45,000 కడితే రెండు రోజుల్లో మీ పేరు మీదికి మార్చేస్తాం, లేటైతే వేలంలో లక్ష దాటుతుంది" అని. మావయ్య యూపీఐకి సిద్ధమైపోయారు. "అమ్మాయ్, సీజన్ పోతే ఇంతకి పదింతలు పోతుంది, కట్టేద్దామే" అన్నారు. రికార్డు తెరిచి ఆయనకు చూపించాను. రిజిస్ట్రార్ పేరు మారలేదు. స్టేటస్ ఇంకా రిడెంప్షన్‌లోనే ఉంది. ఆ దశలో పేరుని వేరే కంపెనీకి మార్చడం కుదరదు. విడిపించుకునే హక్కు గడువు తీరేనాటికి యజమానిగా నమోదై ఉన్నవాళ్ళదే, అదీ ఆ పాత రిజిస్ట్రార్ ద్వారానే. కాబట్టి ఫోన్ చేసినవాళ్ళ చేతిలో ఏమీ లేదు. గడువు తీరిన పేర్ల జాబితాలు బయట దొరుకుతాయి, అవి చూసి ఫోన్లు చేస్తుంటారు. ఇలాంటి ఫోన్ వస్తే ముందు ఆ స్టేటస్ చూడండి. కంగారులో ఉన్న మనిషి దగ్గర ఇలా డబ్బు గుంజడం నాకు చాలా నీచంగా అనిపించింది.

ఇంక మిగిలింది ఖాతాలోకి వెళ్ళడం. మస్కట్‌లో ఉన్న కుర్రాడి నంబర్ వాళ్ళ అక్క దగ్గర దొరికింది. పాపం, వినగానే "బాబాయ్ గారికి చెప్పండక్కా, నేను చూసుకుంటాను" అన్నాడు. పాస్‌వర్డ్ రీసెట్ కొడితే ఓటీపీ అతని పాత ఇండియా నంబర్‌కి పోతోంది. ఆ సిమ్ ఎప్పుడో వదిలేశాడు. పాత మెయిల్‌కి కూడా అదే నంబర్. కంపెనీ చాట్‌లో అడిగితే, ఖాతా యజమాని గుర్తింపు కార్డు, సంతకం పెట్టిన లెటర్, వ్యాపారం కాగితాలు పంపమన్నారు. ఇక్కడ ఒక చిన్న విషయం మమ్మల్ని కాపాడింది. 2015లో ఫారం నింపేటప్పుడు ఆ కుర్రాడు ఆర్గనైజేషన్ అన్న గడిలో మా నర్సరీ పేరు రాశాడు. అందువల్ల నర్సరీ పాన్ కార్డు, ఉద్యమ్ సర్టిఫికెట్, వెబ్‌సైట్ పేరు అచ్చేసిన పాత బిల్లు పుస్తకం ఫొటో మా మాటకు బలమయ్యాయి. అతని పాస్‌పోర్ట్ కాపీ, సంతకం చేసిన లెటర్ మస్కట్ నుంచి వచ్చాయి. చాట్‌లో ప్రతిసారీ కొత్త మనిషి, ప్రతిసారీ కథ మొదటినుంచి. టికెట్ నంబర్, అప్పటిదాకా జరిగింది నాలుగు లైన్లలో రాసి పెట్టుకుని, చాట్ మొదలవగానే అతికించేదాన్ని. దాంతో పని చాలా తేలికైంది. అయినా రోజులు గడుస్తుంటే టెన్షన్ తప్పలేదు.

మే మధ్యలో ఖాతా మా చేతికొచ్చింది. బిల్లు చూద్దాం. రిడెంప్షన్ ఫీజు 80 డాలర్లకు సమానం, అప్పటి రేటులో 6,800 పైన. ఒక ఏడాది రెన్యువల్ 1,400 చిల్లర. రెండింటి మీదా 18 శాతం జీఎస్టీ. మొక్కల అమ్మకం మీద జీఎస్టీ లేదు కాబట్టి, కట్టిన ఆ పన్ను ఇన్‌పుట్ క్రెడిట్ కింద మాకు తిరిగి రాదు. నేను అప్పుడు చూసిన మిగతా కంపెనీల్లో ఈ రిడెంప్షన్ ఫీజు 150 డాలర్ల దాకా ఉండేది. మేం కట్టినదాంట్లో వెరిసైన్ 2025లో రిజిస్ట్రార్ దగ్గర తీసుకున్నది పేరు విడిపించినందుకు 40 డాలర్లు, ఏడాది రెన్యువల్‌కి 10.26 డాలర్లు. మిగిలింది రిజిస్ట్రార్‌ది. పని జరిగేది కంప్యూటర్లలో, ఒక అభ్యర్థన, ఒక రిపోర్టు, అంతే. దానికి ఇంత వేయడం ఎక్కువేనని నా అభిప్రాయం. ఈ ఫీజులు తమ సైట్‌లో అందరికీ కనబడేలా పెట్టాలని ఐకాన్ విధానంలోనే ఉంది. పెట్టారు కూడా. పేరు కొనేటప్పుడు, మొదటి ఏడాది తగ్గింపు రేటు పక్కనే ఇది కూడా కనిపిస్తే న్యాయంగా ఉండేది. అలాగని కట్టడానికి వెనకాడలేదు. ఆ 30 రోజులు దాటిపోతే మిగిలే దారులు చాలా ఖరీదు. ఇంకొకరు పట్టుకుంటే వాళ్ళు చెప్పిందే రేటు. ఫిర్యాదు చేద్దామంటే వైపోలో, అంటే ప్రపంచ మేధో సంపత్తి సంస్థలో, ఒక్క సభ్యుడి ప్యానెల్ ముందుకు వెళ్ళడానికే ఫీజు 1,500 డాలర్లు. పైగా ఆ పేరు మీద మనకు ట్రేడ్‌మార్క్ హక్కు ఉందనీ, అవతలివాళ్ళు దురుద్దేశంతో తీసుకున్నారనీ రుజువు చేయాలి. మావయ్య ఏ ట్రేడ్‌మార్కూ రిజిస్టర్ చేయించలేదు.

డబ్బు కట్టాక స్టేటస్ పెండింగ్ రిస్టోర్‌కి మారింది, ఆపైన యాక్టివ్ అయింది. అంతటితో మెయిల్ వచ్చేయలేదు. పేరు రద్దయినప్పుడు సైట్, మెయిల్ ఎక్కడికి వెళ్ళాలో చెప్పే డీఎన్‌ఎస్ రికార్డులు రిజిస్ట్రార్ దగ్గరున్నవన్నీ చెరిగిపోయాయి. మెయిల్ కంపెనీ ఇచ్చిన ఎంఎక్స్ రికార్డులు, అంటే మెయిల్‌కి దారి చూపేవి, మళ్ళీ ఒక్కొక్కటీ ఎక్కించాల్సి వచ్చింది. పాత మెయిళ్ళన్నీ భద్రంగానే ఉన్నాయి. పేరు లేని రోజుల్లో తిరిగిపోయినవి మాత్రం పోయినట్టే, అవి ఎక్కడా దొరకవు. పాత బిల్లులు ముందేసుకుని కాంట్రాక్టర్లందరికీ వరసగా ఫోన్లు చేశాం. ఒక పెద్ద లోడు అప్పటికే ఇంకో నర్సరీకి వెళ్ళిపోయింది. దాని ముందు మేం కట్టిన పదివేలు ఒక లెక్కలోవి కావు.

తర్వాత రిజిస్ట్రంట్, అంటే యజమానిగా నమోదయ్యే పేరు, మావయ్య పేరు మీదికి మార్చాను. అలా మార్చాక 60 రోజులపాటు డొమైన్‌ని వేరే కంపెనీకి తీసుకుపోనివ్వలేదు, కాబట్టి కంపెనీ మారే ఆలోచన ఉన్నవాళ్ళు ఏది ముందు చేయాలో చూసుకోవాలి. గరిష్ఠంగా పదేళ్ళకు కట్టవచ్చు, మేం వీలైనన్ని ఏళ్ళకు కట్టేశాం. ఖాతాకి ఇచ్చే మెయిల్ ఐడీ అదే డొమైన్ మీద ఉండకూడదు. పేరు ఆగిన రోజున నోటీసులూ ఓటీపీలూ కూడా ఆగిపోతాయి. మావయ్య జీమెయిల్ ఒకటి, నాది ఒకటి పెట్టాం.

ఇది తెలిసి చుట్టుపక్కల నర్సరీలవాళ్ళు తమ పేర్లు కూడా చూసిపెట్టమంటున్నారు. కొందరివి డాట్ ఇన్ పేర్లు. అవి మన దేశంలో డాట్ ఇన్ పేర్లు చూసే నిక్సీ అనే సంస్థ కింద నడుస్తాయి, ఐకాన్ నోటీసుల విధానం వాటికి వర్తించదు, ఫీజులు కూడా వేరు, కాబట్టి వాళ్ళ రిజిస్ట్రార్ పేజీలో విడిగా చూసుకోవాలి. మా పక్క నర్సరీ ఆయన సైట్ చూస్తే, రికార్డులో యజమానిగా యాడ్ ఏజెన్సీ పేరుంది, నర్సరీ పేరు ఎక్కడా లేదు. దాని గడువు వచ్చే నవంబర్‌లో. బిల్లులు, పాన్ కాగితాలు సిద్ధం చేయించి, ఈ నెలలోనే ఆ ఏజెన్సీ వాళ్ళతో కూర్చుంటున్నాం.