ఏసీబీ జప్తులో చిక్కిన ప్లాటు: కోర్టులో గెలిచాకే అసలు తిప్పలు

నా ప్లాటు మొత్తానికి రిజిస్ట్రేషన్లు ఆపేసే నిషేధిత జాబితాలోంచి బయటపడింది. కోపం చల్లారకముందే రాస్తున్నాను.

నాకు 200 గజాలు అమ్మిన ప్రభుత్వ ఉద్యోగికి ఆదాయానికి మించిన ఆస్తుల కేసులో శిక్ష పడింది. ఆయన మొదట కొన్నది 400 గజాలు. అందులో నా సగం కేసు పెట్టకముందే రిజిస్టరయినా, ఏసీబీ వాళ్లు పాత డాక్యుమెంటు పట్టుకుని మొత్తం 400 గజాలకూ జప్తు తెచ్చారు.

ఇది 1944 నాటి క్రిమినల్ లా అమెండ్‌మెంట్ ఆర్డినెన్సు కింద వచ్చే జప్తు. అవినీతి నిరోధక చట్టానికి 2018లో వచ్చిన సవరణ తర్వాత ఈ కేసుల్లో స్పెషల్ జడ్జే ఇస్తున్నారు. నాలుగో సెక్షన్ కింద ముందు తాత్కాలిక జప్తు. మీకు నోటీసు రాకపోయినా సరే, అది ఖరారయ్యేలోపు అభ్యంతరం వేయొచ్చు. శిక్ష నిలబడితే ఆస్తి సర్కారుకు పోయే దారి పదమూడో సెక్షన్లో ఉంది. "కేసు తేలాక చూద్దాంలెండి" అనే లాయరు దగ్గర ఫైలు వెనక్కి తీసుకోండి. ఓడితే హైకోర్టుకు 30 రోజులే గడువు.

కోర్టులో చూసేది రెండే: నిజాయతీగా కొన్నారా, తగిన ధర ఇచ్చారా. సేల్ డీడ్, లింకు డాక్యుమెంట్లు, ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే పత్రం), డబ్బు వెళ్లిన బ్యాంకు స్టేట్‌మెంటు, ఇంటి పన్ను రసీదులు పెట్టాను. "ఆయన మీకేమవుతారు?" అన్నదే ప్రభుత్వ లాయరు (పీపీ) గారి ప్రధాన ప్రశ్న. డబ్బు చెక్కుల మీద వెళ్లింది కాబట్టి గట్టెక్కాను. నగదు ఇచ్చినవాళ్లకు ఇక్కడే చుక్కలు కనిపిస్తాయి.

అసలు నరకం సబ్‌ రిజిస్ట్రార్ ఆఫీసులో. ఆర్డరు చివర "పిటిషన్ షెడ్యూల్ ఆస్తి మేరకు జప్తు ఎత్తివేయడమైనది" అని ఉంది. ఆ షెడ్యూలేమో, అంటే ఆస్తి వివరాల పట్టిక, పిటిషన్లో ఉంది, ఆర్డర్లో లేదు. గుమాస్తా కాగితం చివరి పేరా చదివి, పక్కకు నెట్టి, "ఏ షెడ్యూలండీ? మాకెలా తెలుస్తుంది? ఏసీబీ లెటర్ తెండి" అన్నాడు. ఏసీబీలో అడిగితే "కోర్టు ఆర్డరుంటే మా లెటరెందుకు" అన్నారు. సబ్‌ రిజిస్ట్రార్ గారు తలెత్తి చూడలేదు. అదే గదిలో డాక్యుమెంట్ రైటర్లకు మాత్రం కుర్చీలు, టీలు! జీతమిచ్చేది మనం, నిలబడేదీ మనమే.

చివరికి ఇలా తెగింది. పిటిషన్‌కూ షెడ్యూలుకూ విడిగా సర్టిఫైడ్ కాపీ తీసుకున్నాం. ప్లాటు నంబరు, సర్వే నంబరు, నాలుగు హద్దులు, డాక్యుమెంటు నంబరు ఆర్డర్లోనే రాసి, నకలు నేరుగా సబ్‌ రిజిస్ట్రారుకు పంపమని కోర్టులో మెమో వేశాం. ఆ నకలు వెళ్లాక నోరు మెదపలేదు. ఈ మాట పిటిషన్ ప్రార్థనలోనే (కోర్టును ఏం కోరుతున్నామో రాసే చోట) మొదట రాయించుకుంటే ఇంత తిరుగుడు ఉండదు.

ఎత్తేశామని చెప్పగానే ఇంటికి రాకండి. నిషేధిత జాబితాలో ప్లాటు నంబరుతోనూ, సర్వే నంబరుతోనూ విడివిడిగా వెతకండి. నాది ప్లాటు దగ్గర పోయింది, సర్వే నంబరు దగ్గర అలాగే ఉండిపోయింది. అక్కడే నిలబడి రెండోదీ తీయించి, కొత్త ఈసీ తీసుకుని కదిలాను.