మాల తీసిన సాయంత్రం

శబరిమల యాత్రలో పంబానదిలో మునిగి లేచి నీలిమల కొండ ఎక్కడం మొదలుపెట్టేసరికి తెల్లవారుజాము మూడైంది. నాకిప్పుడు 71. అయ్యప్ప సన్నిధానం ఐదు కిలోమీటర్ల దూరమే గానీ అప్పాచిమేడు దగ్గరకొచ్చేసరికి ఊపిరి అందలేదు. "డోలీ మాట్లాడమంటారా స్వామీ?" అన్నాడు మా బృందంలో తొలిసారి మాల వేసిన కన్నెస్వామి. ముప్పై ఏళ్ళుంటాయేమో. వద్దని ఒక బండ మీద కూర్చున్నాను.

అతను బియ్యప్పిండి ఉండ లోయలోకి విసిరి వచ్చి పక్కన కూర్చున్నాడు. "ఊరెళ్ళాక మాల ఎప్పుడు తీస్తాం స్వామీ?" దారిలో ఇలా అడగడం మూడోసారి. ఆ ప్రశ్న నాకు తెలుసు. 1994లో, 95లో, 96లో నేనూ అలాగే అడిగాను.

మాది తాళ్ళరేవు వైపు. 1995లో మద్యనిషేధం వచ్చినా నాకేం ఇబ్బంది రాలేదు, పక్కనే యానాం ఉంది, అది పుదుచ్చేరి కిందిది, అక్కడ నిషేధం లేదు. కార్తీకంలో మాల వేస్తే 41 రోజులు చుక్క ముట్టేవాణ్ణి కాదు. మొదటి వారం దీపం వెలిగిస్తుంటే చేయి వణికి అగ్గిపుల్లలు ఆరిపోయేవి. (ఇప్పుడైతే అలా ఒక్కసారిగా మానేయాలనుకునే వాళ్ళని ముందు డాక్టరు దగ్గరికి వెళ్ళమంటాను, అది ప్రమాదమని తర్వాత తెలిసింది.) ఆ రోజులన్నీ నిష్ఠగా గడిపేవాణ్ణి. మాల తీసిన సాయంత్రం మాత్రం యానాం బస్సెక్కేవాణ్ణి.

1997లో నిషేధం ఎత్తేశారు, మా ఊళ్ళోనే మళ్ళీ షాపు తెరిచారు. ఆ ఏడాది అమ్మ నా మెడలో మాల తీసి, ఏమీ అనకుండా నా మొహంలోకి చూసింది. ఇంట్లో ఉండలేకపోయాను. షాపు దాటుకుని గురుస్వామి ఇంటికి వెళ్ళి అరుగు మీద కూలబడ్డాను. ఆయన ఏమీ అడగలేదు. లైటు ఆర్పకుండా, చేలూ వానలూ మాట్లాడుతూ రాత్రి రెండింటిదాకా నాతో కూర్చున్నారు. తెల్లారితే పొలం పనుంది ఆయనకి. వారం రోజులు అలాగే వెళ్ళాను.

ఈ ఏడాది ఇరుముడి కట్టేటప్పుడు నెయ్యి పోస్తుంటే నా చేయి మళ్ళీ వణికింది. కొబ్బరికాయ కన్ను పక్కన ధారగా కారిపోయింది. ఇది వయసు వణుకు. ఆ కన్నెస్వామే కాయ పట్టుకుని నా మణికట్టు కింద చేయి పెట్టాడు. అతని చేయీ వణుకుతోంది.

ఆ బండ మీదే అతనికి ఇదంతా చెప్పాను. తల దించుకుని విన్నాడు. తర్వాత నా ఇరుముడి మీద చేయి ఆసరాగా పెట్టి పద్దెనిమిది మెట్లదాకా నడిపించాడు. దర్శనం రెప్పపాటే దొరికింది.

నిన్న గుడిలో మాలలు తీశాం. సాయంత్రం అరుగు మీద లైటు వేసి రెండు కుర్చీలు వేశాను. ఎనిమిదింటికి గేటు చప్పుడైంది.