మొక్కజొన్న సంకరాల్లో వైవిధ్యం ఎంత? డీఎన్ఏ మార్కర్లతో నా అనుభవం

దర్శి ప్రాంతంలో సాగర్ కుడి కాలువ కింద మొక్కజొన్న వేసే రైతులు ఏటేటా పేరు మార్చి విత్తన సంచులు కొంటుంటారు. పేర్లు వేరైనా లోపలి వంశం వేరేనా అన్న సందేహం మా నాన్నగారికి ఎప్పటినుంచో ఉంది. ఎమ్మెస్సీలో పరిశోధనాంశం ఎంచుకోవలసి వచ్చినప్పుడు నేను ఆ సందేహాన్నే తీసుకున్నాను.

కొట్టులో దొరికిన సంకర రకాలను మా చేలోనే విడివిడి సాళ్లుగా విత్తి, మూడు నాలుగు ఆకుల దశలో లేత ఆకులు కోశాను. ముదురు ఆకులో పేరుకునే పిండిపదార్థాలు, ఫినాలిక్ పదార్థాలు డీఎన్ఏను జిగటగా మార్చి పీసీఆర్‌కు (ఎంచుకున్న డీఎన్ఏ ముక్కకు లక్షల నకళ్లు తీసే ప్రక్రియకు) అడ్డుపడతాయి. ఆకులను అల్యూమినియం రేకులో చుట్టి, ఐసు నింపిన థర్మోకోల్ పెట్టెలో ఒంగోలు మీదుగా ప్రయోగశాలకు చేర్చాను.

ద్రవ నైట్రోజన్‌లో నూరిన ఆకుపొడిని కణాల పొరలను కరిగించే సీటాబ్ ద్రావణంలో 65 డిగ్రీల వద్ద ఉంచి, క్లోరోఫాం, ఐసోఅమైల్ ఆల్కహాల్ 24:1 మిశ్రమంతో శుద్ధి చేశాను. పైన తేరిన ద్రవానికి చల్లని ఐసోప్రొపనాల్ కలిపి గొట్టాన్ని మెల్లగా అటూ ఇటూ వంచితే, తెల్లని నూలుపోగుల్లా డీఎన్ఏ కళ్లెదుటే విడివడింది. ఎన్నిసార్లు చూసినా తనివి తీరని దృశ్యమది. డీఎన్ఏ శుద్ధతను తెలిపే 260/280 నిష్పత్తి (ఆ రెండు నానోమీటర్ల కాంతిని పీల్చుకునే నిష్పత్తి) 1.8 దగ్గరగా వచ్చిన నమూనాలనే పీసీఆర్‌కు తీసుకున్నాను.

మొక్కజొన్నకున్న 10 జతల క్రోమోజోములన్నింటి నుంచీ ఎస్ఎస్ఆర్ మార్కర్లు (వంశాన్ని గుర్తించడానికి పనికొచ్చే డీఎన్ఏ గుర్తులు) ఎంచుకున్నాను. రెండు మూడు అక్షరాల డీఎన్ఏ ముక్క వెంటవెంటనే పునరావృతమయ్యే చోట్లివి. ఆ పునరావృతాల సంఖ్య వంశాన్ని బట్టి మారుతుంది కనుక ఆ ముక్క పొడవూ, ముక్కలను పొడవును బట్టి వేరుచేసే జెల్ మీద దాని గీత (బ్యాండు) పడే చోటూ మారుతాయి. శుద్ధ వంశంలో సాధారణంగా ఒక్క బ్యాండే కనిపిస్తే, తల్లిదండ్రుల మధ్య ఆ చోట తేడా ఉన్న సంకరంలో ఇద్దరివీ రెండు బ్యాండ్లు కనిపిస్తాయి. సంకరాల అధ్యయనానికి ఈ మార్కర్లు ఇంతగా నప్పడానికి కారణం ఇదే.

అన్నింటికన్నా ఎక్కువ ఓపిక జెల్ చదవడానికే కావాలి. అసలు బ్యాండు కిందనే మసకగా మరో నీడ బ్యాండు పడుతుంది. దాన్ని రెండో యుగ్మవికల్పంగా (అదే చోటి డీఎన్ఏకు మరో రూపంగా) లెక్కిస్తే లేని వైవిధ్యం పుట్టుకొస్తుంది. అగరోజ్ జెల్ మీద కలిసిపోయినట్లు అనిపించిన వాటిని, చిన్న తేడాలను కూడా విడదీసే పాలీఅక్రిలమైడ్ జెల్ మీద మళ్లీ నడిపాను. రకాల పేర్లు తెలియని సహాధ్యాయి చేత కూడా చదివించి, ఇద్దరి లెక్కా కలిసిన బ్యాండ్లనే పట్టికలో చేర్చాను.

రెండు రకాలకు ఉమ్మడిగా ఉన్న బ్యాండ్లను బట్టి జకార్డ్ సారూప్యత లెక్కించి, దగ్గరి వాటిని జతచేస్తూ పోయే యూపీజీఎంఏ పద్ధతిలో వృక్షచిత్రం గీస్తే, వేర్వేరు పేర్లతో అమ్ముడవుతున్న రెండు రకాలు ఒకే కొమ్మ చివర నిలిచాయి. అన్ని మార్కర్ల దగ్గరా వాటి బ్యాండ్లు ఒక్కటే. అయినా రెండూ ఒకటేనని నేను రాయలేదు, ఈ మార్కర్లు వాటిని వేరుచేయలేకపోయాయని మాత్రమే రాశాను. నాన్నగారికి కూడా ఆ మాటే చెప్పాను.

ఈ మార్కర్లు చూసే కేంద్రక డీఎన్ఏలో (క్రోమోజోముల్లోని డీఎన్ఏలో) తేడా కనిపించినంత మాత్రాన నిశ్చింతగా ఉండడానికి లేదు. 1970లో అమెరికాలో ఆకుమాడు తెగులు మొక్కజొన్న దిగుబడిలో దాదాపు 15 శాతాన్ని తుడిచిపెట్టింది. అక్కడి సంకరాల్లో అత్యధికం టెక్సాస్ కణద్రవ్యాన్నే (తల్లి మొక్క నుంచి వచ్చే, కేంద్రకం బయటి కణభాగాన్నే) పంచుకోవడం అందుకు కారణం. తెగులుకు లొంగే ఆ లోపం కణద్రవ్యంలోని మైటోకాండ్రియాలో ఉంటుంది కాబట్టి నేను వాడిన మార్కర్లకు అది చిక్కదు. అందుకే దాచి ఉంచిన ఆ నమూనాలనే ఇప్పుడు మైటోకాండ్రియా డీఎన్ఏను పీసీఆర్‌లో పట్టుకునే ప్రైమర్లతో (చిన్న డీఎన్ఏ తునకలతో) పరీక్షిస్తున్నాను.