చెరువు మీద పీహెచ్‌డీ: సినాప్సిస్ నుంచి వైవా దాకా నా అనుభవం

నాది హిస్టరీ. ములుగు వైపు ఉన్న ఒక గొలుసుకట్టు చెరువుల (ఒకదాని నీళ్లు ఇంకోదానికి పారే వరుస చెరువుల) కథ, కాకతీయుల కాలం నుంచి ఇప్పటిదాకా, ఇదీ నా టాపిక్. రిజిస్ట్రేషన్ కాగితం ప్రకారం హిస్టరీ థీసిసే. దిగాక చూస్తే సగం సివిల్ ఇంజనీరింగ్, పావు వంతు జియాలజీ. మధ్యలో ఉర్దూ కూడా నేర్చుకోవాల్సి వచ్చింది. కొత్తగా పీహెచ్‌డీలో చేరిన పిల్లలు ఫోన్ చేసి అడుగుతున్నారు కాబట్టి ఒకసారి వివరంగా రాసి పెడితే పోతుందనిపించింది. నేను చేరిన యూనివర్సిటీ పేరు మాత్రం రాయను, ఆఫీసుల గురించి ఒకటి రెండు మాటలు అనాల్సి వస్తుంది.

మన వరంగల్‌లో చదువుకునేవాళ్లకు ఒక వెసులుబాటు ఉంది. 1959లో మొదలైన ఆర్‌ఈసీ (ఇప్పటి నిట్), అదే ఏడాది వచ్చిన కాకతీయ మెడికల్ కాలేజీ, 1976 నాటి కాకతీయ యూనివర్సిటీ, వరి వంగడాలు తయారుచేసే వ్యవసాయ పరిశోధన స్థానం, హన్మకొండలో 1904లో పెట్టిన రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం, అన్నీ ఆటోలో తిరిగి రాగలిగే దూరంలోనే ఉన్నాయి. అయితే ఒక బిల్డింగులో ఏం జరుగుతుందో పక్క బిల్డింగుకు తెలియదు. నాకూ కోర్స్‌వర్క్ దాకా తెలియలేదు.

కోర్స్‌వర్క్ (పీహెచ్‌డీ మొదట్లో చదవాల్సిన క్లాసులు) అంటే చాలామంది విసుక్కుంటారు. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం కనీసం 12 క్రెడిట్లు, అందులో రీసెర్చ్ అండ్ పబ్లికేషన్ ఎథిక్స్ తప్పనిసరి. నాకు మాత్రం అసలు చదువు అక్కడే మొదలైంది. మెథడాలజీ క్లాసులో అన్ని డిపార్ట్‌మెంట్ల వాళ్లనూ ఒకే హాల్లో కూర్చోబెట్టారు. సార్ ఒక్కొక్కరినీ లేపి "మీ డేటా ఏంటిది?" అని అడిగారు. సివిల్ వాళ్లలో ఒకబ్బాయిది కాంక్రీటు. 150 మిల్లీమీటర్ల దిమ్మలు పోసి, 28 రోజులు నీళ్లలో ఉంచి, మిషన్ కింద పెట్టి పగలగొడితేగానీ అతనికి ఒక అంకె రాదు. తెలుగు శాఖ అమ్మాయిది ఒగ్గు కథ. రాత్రి మొదలైన కథ తెల్లారేదాకా నడుస్తుంది, అదంతా రికార్డు చేసి, మాట మాట రాసుకోవాలి. బోటనీ అతను ఏటూరునాగారం అడవుల్లో మందుమొక్కల మీద పనిచేస్తున్నాడు. మొక్కను పేపర్ల మధ్య నొక్కి ఆరబెట్టి, షీటుకు అతికించి, నంబరు వేసి హెర్బేరియంలో పెట్టకపోతే ఆ మొక్క పేరు ఎన్నిసార్లు రాసినా లెక్కలోకి రాదట. నా వంతు వచ్చినప్పుడు "శాసనాలు, రెవెన్యూ రికార్డులు, ఊరివాళ్ల మాటలు" అన్నాను. "మాటలు కూడా డేటానేనా?" అని కాంక్రీటు అబ్బాయి వెనక నుంచి అడిగాడు. వెక్కిరింపు కాదు, నిజంగానే అడిగాడు.

సినాప్సిస్ (ఏం పరిశోధిస్తామో ముందే రాసిచ్చే ప్రణాళిక) దగ్గర మొదటి చిక్కు వచ్చింది. ఫారంలో హైపోథిసిస్, అంటే ముందుగా ఊహించే జవాబు, అని ఒక గడి ఉంటుంది. సైన్సు వాళ్లకు అది చేతిలో పని. చరిత్రలో రికార్డు చూడకముందే ఏం దొరుకుతుందో ఎట్లా చెప్తాం? గడి ఖాళీగా వదిలితే ఫైలు తిరిగొస్తుంది. "ప్రశ్నగా రాయమ్మా, జవాబుగా రాయకు" అన్నారు మా గైడ్. "ఈ చెరువులను ఒక్కొక్కటిగా కట్టారా, ఒక వరుసగా అనుకుని కట్టారా?" అని రాసిచ్చాను. పరిశోధనను సమీక్షించే సలహా కమిటీ ఆర్‌ఏసీలో ఎవరూ అభ్యంతరం పెట్టలేదు. హ్యుమానిటీస్ వాళ్లు ఎవరైనా ఈ గడి దగ్గర ఆగిపోతే ఇదే చేయండి. ఆరు నెలలకోసారి జరిగే ఆర్‌ఏసీ ప్రెజెంటేషన్ల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. పది స్లైడ్లు, టీ, సంతకాలు. మినిట్స్ కాపీ మాత్రం అదే రోజు జిరాక్స్ తీసి దగ్గర పెట్టుకోండి. సబ్మిషన్ అప్పుడు ఆఫీసులో అవన్నీ మళ్లీ అడుగుతారు, వాళ్ల దగ్గర ఉండవు.

ఫీల్డ్‌వర్క్‌లో మొదటి పని శాసనం. రామప్పకు 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక అందరి కళ్లూ గుడి మీదే ఉన్నాయి. రేచర్ల రుద్రుడు గుడి కట్టించాడని బడి పిల్లలు కూడా చెప్తారు, పక్కనే ఉన్న చెరువు సంగతి అడిగేవాళ్లు తక్కువ. నా శాసనం అంత పేరున్నదేం కాదు. కట్ట మైసమ్మ గుడి పక్కన, సగం మట్టిలో కూరుకుపోయిన రాయి. పాఠం ఎప్పుడో అచ్చయింది. అందులో ఒక పంక్తి దగ్గర 'అక్షరాలు చెదిరినవి' అని వదిలేశారు. ఆ పంక్తి కోసమే నా తిప్పలన్నీ.

ముందు అనుమతి కాగితం. తర్వాత పాత ఎపిగ్రఫీ ఉద్యోగి ఒకాయన వచ్చి అచ్చు తీయడం నేర్పారు. రాయి మీది పసుపు, కుంకుమ, నూనె జిడ్డు మెత్తటి బ్రష్‌తో కడగాలి (పూజ చేసే ఆమెను అడిగిన తర్వాతే). తడిపిన కాగితాన్ని రాయికి అతికించి, గట్టి వెంట్రుకల బ్రష్‌తో అక్షరాల గుంటల్లోకి దిగేదాకా కొట్టాలి. కొంచెం ఆరాక సిరా మెత్తతో పైపైన అద్దుకుంటూ పోతే కాగితమంతా నల్లగా, అక్షరం తెల్లగా తేలుతుంది. కట్ట మీద గాలి ఆగదు. కాగితం సిరా అద్దేలోపే ఆరిపోయి అంచులు లేస్తుంటే ఇద్దరం మోకాళ్లతో నొక్కిపట్టాం. పూజ చేసే అవ్వ అట్లనే నిలబడి చూసింది.

"ఏం రాసున్నది బిడ్డా దాని మీద?"

"చెరువు తవ్విచ్చినోళ్ల పేరున్నదవ్వా."

"తవ్విచ్చినోళ్లదేనా? తవ్వినోళ్లది లేదా?"

లేదు. ఏ శాసనంలోనూ చూడలేదు నేను. బయ్యారం చెరువు శాసనం కాకతీయుల వంశావళి చెప్తుంది, తవ్వించిన మైలాంబ పేరు చెప్తుంది. మట్టి మోసినవాళ్ల పేర్లు అందులోనూ ఉండవు. తరాలుగా మట్టిపని, రాతిపని చేసే వడ్డెర కుటుంబాల దగ్గర కూర్చుని రాసుకున్న నాలుగో అధ్యాయం అసలు సినాప్సిస్‌లో లేనే లేదు. దాన్ని చేర్చడానికి ఆర్‌ఏసీలో మళ్లీ అనుమతి తీసుకున్నాను.

చెదిరిన పంక్తిలో శక సంవత్సరం అంకెలు పోయినా, సంవత్సరం పేరు బయటపడింది. ఇక్కడ లెక్క ఉంది. రామప్ప శాసనంలో శక 1135, శ్రీముఖ అని ఉంటుంది. 78 కలిపితే 1213. మొన్న 1993లో వచ్చిందీ శ్రీముఖే, మధ్యలో సరిగ్గా పదమూడు అరవైలు. అంకె ఉంటే పేరుతో సరిచూసుకోవచ్చు. పేరు ఒక్కటే ఉంటే అరవై ఏళ్లు ఇటో అటో. లిపి వంపులు, రాజు బిరుదులు చూసి ఒకదాన్ని ఎంచుకున్నాం. హిస్టరీలో మా సాక్ష్యం ఇట్లానే ఉంటుంది: నాలుగు వైపుల నుంచి కొంచెం కొంచెం.

ఇదే ముక్క మా చిన్నమ్మ కొడుక్కి చెప్పాను. వాడు సివిల్‌లో పీహెచ్‌డీ, వాటర్ రిసోర్సెస్. "అక్కా, నీ ఎర్రర్ అరవై ఏండ్లా!" అని నవ్వాడు. వారం తిరక్కముందే వాడి ఎర్రర్ నేను చూశాను. చెరువులోకి ఎంత నేల నుంచి నీళ్లు వస్తాయో లెక్కగట్టడానికి 2000లో అంతరిక్ష నౌక తీసిన ఎస్‌ఆర్‌టీఎం ఎత్తుల పటం వేసుకున్నాడు. అందులో ఒక్కో గడి 30 మీటర్లు. మా చెరువు కట్ట అంత వెడల్పే లేదు. కంప్యూటర్ దృష్టిలో అక్కడ కట్ట లేదు, నీళ్లు నేరుగా వాగులోకి పోతున్నాయి. చివరికి లెవెల్ మిషన్, కొలత కర్ర పట్టుకుని ఎండలో కట్ట పొడుగునా నడిచాం.

తర్వాత మత్తడి, అంటే చెరువు నిండాక ఎక్కువైన నీళ్లు బయటికి దుంకే చోటు. మద్రాసు ప్రెసిడెన్సీ ఇంజనీర్లు వాడిన రైవ్స్ సూత్రం ఇప్పటికీ వీళ్లకు మొదటి అంచనాకు పనికొస్తుంది. పరీవాహక విస్తీర్ణాన్ని మూడింట రెండు ఘాతానికి హెచ్చించి, ప్రాంతాన్ని బట్టి ఒక గుణకంతో గుణిస్తే వరద ఎంతో వస్తుంది. ఆ లెక్కలో మా మత్తడి చాలా చిన్నది, ఎప్పుడో తెగిపోవాల్సింది. మరి ఇన్ని వందల ఏళ్లు ఎట్లా నిలిచింది? పైన ఉన్న రెండు చెరువులు వరదను కొంతసేపు ఆపి వదులుతాయని పెట్టి లెక్క మళ్లీ వేస్తే మత్తడి సరిపోయింది. నా సినాప్సిస్ ప్రశ్నకు ఒక జవాబు వాడి ల్యాప్‌టాప్‌లోంచి వచ్చింది. అయితే అది సాధ్యమని చూపింది అంతే. ఒక వరుసగా అనుకునే కట్టారని నిరూపించలేదు. ఈ తేడా వాడికి అర్థం చేయించడానికి ఒక సాయంత్రం, రెండు ప్లేట్ల మిర్చి బజ్జీ పట్టింది.

పై చెరువు ఒకసారి తెగిందని ఊళ్లో అంటారు. ఎప్పుడన్నది తెలియదు. తార్నాక ఆర్కైవ్స్‌లో నిజాం కాలం ఫైళ్లు కొన్ని ఫారసీ, కొన్ని ఉర్దూ. మండీ బజార్‌లో ఒక రిటైర్డ్ ఉస్తాద్ గారి దగ్గర ఉర్దూ మొదలుపెట్టాను. ఆయన ఫీజు తీసుకోలేదు, షికస్తా అనే గొలుసుకట్టు రాత చదవలేక నేను పడే అవస్థే ఆయనకు వినోదం. కట్ట తెగిన ఫస్లీ (నిజాం కాలపు రెవెన్యూ లెక్కల) సంవత్సరం చివరికి ఒక మరమ్మతు ఖర్చు కాగితంలో దొరికింది.

జియాలజీ స్కాలర్ నా హాస్టల్ రూమ్మేట్. చెరువు అడుగున పేరుకున్న పూడికలోకి పైపు దించి పొర పొరగా కోసి చదువుతుంది. అణుపరీక్షల బూడిద ప్రపంచమంతా పడింది కదా, అందులోని సీజియం-137 ఎక్కువగా కనిపించే పొరను 1963 గుర్తుగా పట్టుకుంటారు. అక్కడి నుంచి ఏడాదికి ఎంత పూడిక చేరిందో తెలుస్తుంది. ఎండాకాలం ఎంతో ఆశతో పైపు దించాం. ఆ పొర లేదు. లేకపోవడానికి కారణం ఊళ్లో అందరికీ తెలుసు: మిషన్ కాకతీయలో జేసీబీలతో పూడిక తీసి ట్రాక్టర్లలో పొలాలకు తోలారు. 1963 పొర ఇప్పుడు ఎవరి పత్తి చేనులోనో ఉంది. మా తమ్ముడు "మంచిదేగా, చెరువు లోతు పెరిగింది" అన్నాడు. రైతులూ అదే అన్నారు, చేను బలపడిందని. ఆమె మాత్రం ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు. తర్వాత అడవి అంచున, ఎవరూ పూడిక తీయని చిన్న కుంట వెతుక్కుని పని పూర్తి చేసింది.

ఇంటర్వ్యూల దగ్గర ఇంకో రకం కష్టం. ఎథిక్స్ కమిటీ సమ్మతి పత్రం మీద సంతకం తప్పనిసరి అంటుంది. ఊళ్లో ముసలాయన వేలిముద్ర అనగానే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "శికం భూమి సంగతేనా? మా పాస్‌బుక్ పోతదా?" శికం అంటే చెరువు నీళ్లు నిలిచే భూమి. భూమి కాగితాలతో ఇన్నేళ్లు పడ్డ బాధ చూస్తే ఆ భయం న్యాయమే. అందుకే సమ్మతిని మాటలోనే రికార్డు చేసుకునేటట్టు కమిటీకి లేఖ పెట్టి మార్పించుకున్నాను. ల్యాబ్ వాళ్లకు ఇది అర్థంకాని సమస్య. పూడిక సంతకం పెట్టదు కదా.

రాయడం అయ్యాక సిమిలారిటీ రిపోర్టు, అంటే థీసిస్ వేరే రాతలతో ఎంత కలుస్తుందో సాఫ్ట్‌వేర్ చూపే లెక్క. యూజీసీ 2018 నిబంధనల్లో పది శాతం లోపు ఉంటే ఇబ్బంది లేదు. గ్రంథసూచి, సరిగ్గా ఉటంకించినవి లెక్క నుంచి తీసేయొచ్చు. ఆ సెట్టింగు పెట్టకుండానే రిపోర్టు తీసిస్తే శాసన పాఠాలన్నీ కాపీగా చూపిస్తుంది. లైబ్రరీలో పక్కన నిలబడి పెట్టించుకోండి. తెలుగు శాఖ అమ్మాయి గోస వేరు. థీసిస్ మొత్తం డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్లలో కొట్టించింది. సాఫ్ట్‌వేర్‌కు అది తెలుగే కాదు, పిచ్చి గీతలు. యూనికోడ్‌లోకి మారిస్తే ఒత్తులు ఎగిరిపోయి, ఒగ్గు కథ నాలుగొందల పేజీలూ మళ్లీ ప్రూఫ్ దిద్దింది. తెలుగులో థీసిస్ రాసేవాళ్లు మొదటి రోజు నుంచే యూనికోడ్‌లో కొట్టండి.

సబ్మిషన్ తర్వాత అంతా ఎదురుచూపే. ఆరు నెలల్లో వైవాతో సహా ముగించాలని నిబంధన ఉంది, ఒక ఆఫీసులో ఫైలు ఒక టేబుల్ నుంచి పక్క టేబుల్‌కు పోవడానికి పట్టిన కాలం నిబంధనలో లేదు. మర్యాదగా, క్రమం తప్పకుండా వెళ్లి కనిపించడం తప్ప మార్గం లేదు.

వైవా బహిరంగంగా జరుగుతుంది, ఎవరైనా అడగొచ్చు. బయటి ఎగ్జామినర్ అడిగిన ప్రశ్న నేను ఊహించనిది. "కట్టకు ఎన్నోసార్లు మట్టి పోశారు, తూము నిజాం కాలంలో మార్చారు, పూడిక మొన్న తీశారు. మరి దీన్ని అదే చెరువు అని ఎందుకంటున్నావు?" నేను ఆయకట్టు గురించి చెప్పాను. నీళ్లు పారే పొలాల పేర్లు, వంతుల క్రమం, నీళ్లు వదిలే నీరటి హక్కు, వీటిలో ఎక్కువ భాగం పాత కాగితాల్లో ఉన్నట్టే నడుస్తున్నాయని. ఆయన తల ఊపి రాసుకున్నారు. ఆ వెంటనే వెనక వరుసలోంచి మా తమ్ముడు చెయ్యెత్తి మత్తడి లెక్కలో గుణకం ఎందుకు అంత తీసుకున్నారని అడిగాడు. ఆ గుణకం ఎంచింది వాడే.

చిన్న దిద్దుబాట్లు చేసిచ్చాక, థీసిస్‌లన్నీ ఆన్‌లైన్‌లో ఉంచే శోధ్‌గంగలోకి నాది ఎక్కాక డిగ్రీ నోటిఫికేషన్ వచ్చింది. తర్వాత నేను, తమ్ముడు, రూమ్మేట్ ముగ్గురం కలిసి ఒక పేపర్ రాద్దామనుకుంటే పేర్ల వరుస దగ్గర తేడా వచ్చింది. మా హిస్టరీలో ఒకరు రాస్తే ఒకరి పేరే ఉంటుంది. వాళ్ల దగ్గర ల్యాబ్‌లో మిషన్ నడిపిన అన్న పేరు, గైడ్ పేరు, గ్రాంటు తెచ్చిన సార్ పేరు, అన్నీ ఉంటాయి. ఎవరేం చేశారో కాగితం మీద రాసుకుని తేల్చుకున్నాం: వడ్డెర అధ్యాయం నా ఒక్కదాని పేరుతో, మత్తడి పేపర్ తమ్ముడి పేరు ముందు. అది ఇప్పుడు రివ్యూలో ఉంది. రెండో రివ్యూయర్ మత్తడి పొడవు ఏ మట్టం దగ్గర కొలిచారని అడిగాడు, ఫొటో కూడా కావాలట. ఈసారి వానలకు చెరువు నిండి మత్తడి దుంకుతోంది. నీళ్లు తగ్గాక టేపు పట్టుకుని మళ్లీ పోవాలి.