ముందు బ్రాకెట్, తర్వాతే మైనస్

నిశ్చిత సమాకలనం (డెఫినిట్ ఇంటిగ్రేషన్) లెక్క వస్తే మన లెక్కల సారు బోర్డు మీద ముందు రెండు ఖాళీ బ్రాకెట్లు గీసి, మధ్యలో మైనస్ పెట్టేవారు. ఎగువ లిమిట్ విలువ ఎడమ దాంట్లోకి, దిగువది కుడి దాంట్లోకి. క్లాసులో అందరికీ అది చాదస్తంగానే కనిపించేది. కానీ ఇంటర్ రెండో ఏడాది లెక్కల పేపర్ 2బిలో గుర్తు తప్పేది సరిగ్గా అక్కడే.

ఎక్స్ స్క్వేర్ మైనస్ 3ఎక్స్, లిమిట్లు −1 నుంచి 2 అనుకోండి. ఇంటిగ్రేట్ చేశాక 2 వేస్తే (8/3 − 6), −1 వేస్తే (−1/3 − 3/2). మొదటిది −10/3, రెండోది −11/6. తీసేస్తే −3/2. బ్రాకెట్ లేకుండా ఒకే వరుసలో లాగేస్తే మధ్యలోని మైనస్ −1/3ని మార్చి ఊరుకుంటుంది, 3/2 దాకా పోదు. జవాబు −9/2 అయి కూర్చుంటుంది.

సైన్ (sin)తో ఇంకో చిక్కు: దాని ఇంటిగ్రల్ −కాస్, అంటే ముందే మైనస్ ఉంటుంది. 0 నుంచి పై (π) దాకా అయితే ఆ మైనస్‌ని బయటే ఉంచి, −(కాస్ పై − కాస్ 0) అని రాయాలి. −(−1 − 1), అంటే 2. లోపలికి తెచ్చి కలిపేసినవాళ్లకి 0 వస్తుంది. ఆ లిమిట్ల మధ్య సైన్ ఎక్కడా సున్నా కిందికి దిగదు కదా, మొత్తం సున్నా ఎలా అవుతుంది? లెక్క మొదలుపెట్టకముందే "జవాబు ప్లస్సా, మైనస్సా?" అని సారు అడిగేది ఇందుకే.

సబ్‌స్టిట్యూషన్‌లో మైనస్‌ని రెండుసార్లు వాడేస్తారు. కాస్ స్క్వేర్ ఇంటూ సైన్, 0 నుంచి పై/2. కాస్‌ని టీ అనుకుంటే లిమిట్లు 1 నుంచి 0 అవుతాయి, ముందు ఒక మైనస్ వస్తుంది. లిమిట్లు తిప్పి 0 నుంచి 1 చేశారంటే ఆ మైనస్ ఖర్చయిపోయినట్టే. దాన్ని అలాగే ఉంచితే 1/3 బదులు −1/3. నాంపల్లి ఇంటర్ బోర్డు వాళ్లు స్టెప్పులకైనా మార్కులేస్తారు, ఎంసెట్‌లో (ఇప్పుడు ఈఏపీసెట్) ఆ దయ లేదు.

అన్నిటికన్నా మోసకారి వర్గమూలం. రూట్ ఆఫ్ 1 మైనస్ సైన్ 2ఎక్స్ అంటే కాస్ మైనస్ సైన్ అని రాసేస్తారు. అసలది దాని మాడ్యులస్, అంటే మైనస్ వచ్చినా ప్లస్‌గానే తీసుకునే విలువ. 0 నుంచి పై/2 దాకా నేరుగా చేస్తే 0 వస్తుంది. పై/4 దగ్గర కాస్‌ని సైన్ దాటేస్తుంది కాబట్టి అక్కడ విడగొట్టి, రెండో ముక్కలో సైన్ మైనస్ కాస్ రాయాలి. ఒక్కో ముక్క √2 − 1, మొత్తం 2√2 − 2, దాదాపు 0.83.