విజిటర్స్ రూములో ఒక సీజన్

కెనడాలోని బ్రాంప్టన్‌లో ఉండే తెలుగువాళ్ళకి కెన్నెడీ రోడ్డు మీద, 407 హైవే పక్కనున్న సీఏఏ సెంటర్ అనగానే ముందు గుర్తొచ్చేది క్రికెట్టే. 2019 వేసవిలో గ్లోబల్ టీ20 కెనడా మ్యాచ్‌లు ఆ ఆవరణలోనే జరిగాయి. యువరాజ్ సింగ్‌ని చూడ్డానికి చుట్టుపక్కల ఊళ్ళ నుంచి జనం కార్లేసుకుని వచ్చారు. అదే ఏడాది అక్టోబర్‌లో ఆ భవనం లోపల ఐస్ హాకీ సీజన్ మొదలైతే మాత్రం మన వాట్సాప్ గ్రూపుల్లో ఎవరూ ఆ ఊసే ఎత్తలేదు. నేను అప్పుడు స్టూడెంట్‌ని. ఆ సీజన్ అంతా అక్కడే పార్ట్‌టైమ్ చేశాను. ఈ దేశంలో నేను చేసిన పనులన్నిటిలో నాకు బాగా ఇష్టమైనది అదే.

టీము పేరు బ్రాంప్టన్ బీస్ట్. ఆడే లీగు ఈసీహెచ్‌ఎల్. హాకీలో అందరూ కలలు కనేది ఎన్‌హెచ్‌ఎల్, దాని కింద ఏహెచ్‌ఎల్, ఆ కింది మెట్టు ఇది. ఆ ఏడాది 26 టీములున్నాయి. ఒక్కో టీముకి 72 మ్యాచ్‌లు, అక్టోబర్ నుంచి ఏప్రిల్ దాకా. కెనడా నుంచి ఉన్నవి రెండే: మాది, న్యూఫౌండ్‌లాండ్ గ్రౌలర్స్. గ్రౌలర్స్‌ది సముద్రం మధ్య దీవి కాబట్టి వాళ్ళు విమానంలో రావాల్సిందే. మిగతా అందరూ అమెరికా టీములు. మెయిన్, వూస్టర్, రెడింగ్, ఆడిరాండాక్... వీళ్ళంతా బస్సులోనే బోర్డర్ దాటి వచ్చేవాళ్ళు.

నా పని విజిటర్స్ డ్రెస్సింగ్ రూము చూసుకోవడం. అంటే ఇంటి టీముది కాదు, వచ్చిన టీముది. గంటకి 14 డాలర్లు. అప్పట్లో ఒంటారియోలో కనీస వేతనం అంతే. చదువుకునేవాళ్ళకి అప్పుడు వారానికి 20 గంటలే పర్మిషన్ కాబట్టి మ్యాచ్ రోజులు లెక్కేసుకుని, కాలేజీ క్లాసులు వాటికి సర్దుకునేవాణ్ణి. ఈ పని సంగతి నాకు చెప్పింది అక్కడ సెక్యూరిటీలో చేసే ఒక పంజాబీ అన్న. అమ్మకి ఫోన్‌లో చెబితే, "ఏరా, ఇంత చదివి మంచుగడ్డ మీద ఏం పనిరా నీకు? జలుబు చేస్తుంది" అని ఒకటే కంగారు. మంచు మీద ఆడేది వాళ్ళమ్మా, నేను లోపల వెచ్చగానే ఉంటాను అని నచ్చజెప్పేసరికి తలప్రాణం తోకకొచ్చింది.

బస్సు వచ్చేసరికి ఒక్కోసారి అర్ధరాత్రి దాటేది. కుర్రాళ్ళు నిద్రకళ్ళతో హోటల్‌కి పోతే, వాళ్ళ ఎక్విప్‌మెంట్ మేనేజర్, నేను సామాను దించేవాళ్ళం. గోలీ, అంటే గోల్‌కీపర్, బ్యాగు ఎత్తాలంటే ఇద్దరు పట్టాల్సిందే. సామానంతా లోపలికి చేర్చాక ప్యాడ్లు, హెల్మెట్లు, గ్లోవ్స్ ఎవరి చోట వాళ్ళవి తగిలించి ఫ్యాన్లు పెట్టేవాళ్ళం. చెమటకి తడిసిన హాకీ సామాను వాసన గురించి ఎంత చెప్పినా తక్కువే. వారం తిరిగేసరికి అలవాటైపోయింది.

నన్ను కట్టిపడేసింది మాత్రం స్కేట్లు సానపెట్టే పని. వచ్చిన ప్రతి టీమూ తన మెషిన్ తానే తెచ్చుకునేది. కారిడార్‌లో బల్ల మీద పెట్టి ఉదయం నుంచీ నిప్పురవ్వలు రాలుస్తూనే ఉండేవాళ్ళు. స్కేట్ బ్లేడు కత్తిలా ఒకే అంచుతో ఉంటుందని అనుకునేవాణ్ణి. అడుగున పొడుగునా సన్నటి గాడి ఉంటుంది. గాడికి అటూ ఇటూ రెండు అంచులు. గాడి లోతు ఎక్కువైతే బ్లేడు మంచుని గట్టిగా పట్టుకుంటుంది, ఉన్నపళంగా మలుపు తిరగొచ్చు, కానీ కాళ్ళు తొందరగా అలుస్తాయి. తక్కువైతే జారుడు బాగుంటుంది, పట్టు తగ్గుతుంది. ఏ ఆటగాడికి ఏ కొలతో ఎక్విప్‌మెంట్ మేనేజర్‌కి నోటికి వచ్చు. ఒకాయన ప్రతి అంచునీ గోటితో గీసి చూసి, గోరు మీద సన్నటి పొడి రాలితేనే పక్కన పెట్టేవాడు. లేకపోతే మళ్ళీ మెషిన్ ఎక్కించేవాడు. ఇరవై మంది ఆటగాళ్ళు, నలభై బ్లేడ్లు, ఒక్కదానికీ ఆ పరీక్ష తప్పేది కాదు. ఆ పని చూస్తూ నిలబడితే టైమ్ తెలిసేది కాదు.

మ్యాచ్ అయ్యాక నా అసలు పని మొదలు. నేలంతా టేపు ఉండలే. స్టిక్‌కి చుట్టింది, కాళ్ళ ప్యాడ్లకి చుట్టింది, మణికట్టుకి చుట్టింది, అన్నీ పీకి కింద పడేస్తారు. లోపల వేసుకున్న బట్టలు ప్రతి ఒక్కరూ తమ నంబరున్న జాలీ సంచీలో వేసి ముడి వేస్తారు, సంచీతో పాటే మెషిన్‌లో వేయాలి. శుక్ర, శని, ఆదివారాలు వరసగా మూడు మ్యాచ్‌లు పడితే ఆ వాషింగ్ మెషిన్లకి ఊపిరాడేది కాదు. మూడు రోజులు, మూడు ఊళ్ళు, మధ్యలో బస్సు. ఆదివారం మధ్యాహ్నం మా దగ్గరికి వచ్చేసరికి తడి ఆరని గ్లోవ్స్‌లోనే చేతులు పెట్టేవాళ్ళు. అయినా ఒక్కడు విసుక్కోగా నేను చూడలేదు. టవల్ అందిస్తే థాంక్స్ చెప్పని ఆటగాణ్ణి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

టీవీలో హాకీ చూసినవాళ్ళకి ఆటగాడంటే కోట్ల జీతమని ఉంటుంది. ఈ లీగులో కొత్తగా వచ్చినవాడికి అప్పట్లో వారానికి సుమారు 500 అమెరికన్ డాలర్లు. ఉండటానికి అపార్ట్‌మెంట్ టీమే ఇస్తుంది. జీతం సీజన్ ఉన్నన్నాళ్ళే. వేసవిలో ఒకడు పిల్లల హాకీ క్యాంపుల్లో నేర్పుతాడు, ఇంకొకడు నాన్నతో కలిసి ఇళ్ళ కప్పులు వేస్తాడు. పళ్ళు రాలగొట్టుకుని, మోకాళ్ళు అరగదీసుకుని ఆడే ఆటకి అది చాలా తక్కువ జీతం. అప్పుడూ అదే అన్నాను, ఇప్పుడూ అదే అంటాను.

వాళ్ళలో చాలామంది పదహారేళ్ళకే ఇల్లు వదిలినవాళ్ళు. జూనియర్ హాకీకి వేరే ఊరు పంపితే అక్కడ ఎవరో ఒక కుటుంబం ఇంట్లో పెట్టుకుని అన్నం పెడుతుంది, స్కూల్‌కి పంపుతుంది. టెన్త్ అవగానే పెట్టె సర్దుకుని విజయవాడ హాస్టల్‌కి పోయిన నాకు అది విన్నప్పుడు మా ఇంటర్ రోజులే కళ్ళ ముందు తిరిగాయి. ఒకరోజు వేరే టీము రిజర్వ్ గోలీ, ఆ రోజు ఆడేది లేక నా పక్కనే కూర్చుని, చదువూ పనీ ఎలా కుదురుతున్నాయి, ఇంటికి ఎప్పుడు వెళ్ళావు అని అడిగాడు. ఇంకా వెళ్ళలేదన్నాను. తను కూడా క్రిస్మస్‌కి ఇంటికి పోయి చాలా ఏళ్ళయిందన్నాడు. తర్వాతి ఏడు ఇంగ్లండ్‌లో ఆడుతూ మాస్టర్స్ చేద్దామనుకుంటున్నాడట. ఇరవై గంటల పనితో, అసైన్‌మెంట్లతో వారాన్ని ఎలా ముక్కలు చేసుకుంటున్నానో కాగితం మీద గీసి చూపించాను. మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ప్రతి ఆటగాడి చోటు పైనా తెల్ల టేపు ముక్క మీద మార్కర్‌తో పేరు రాసి అంటించేవాణ్ణి. ఉదయం ప్రాక్టీస్ అయ్యాక కోచ్‌కి ఒక ఫోన్ వచ్చిందంటే అందులో ఒక పేరు మారిపోతుంది. పైన ఏహెచ్‌ఎల్ టీములో ఎవరికో దెబ్బ తగిలి ఉంటుంది, ఇక్కడి నుంచి ఒకణ్ణి పిలుస్తారు. మా బీస్ట్ వాళ్ళకైతే ఆ పిలుపు బెల్విల్‌లోని ఏహెచ్‌ఎల్ టీము నుంచి, 401 హైవే మీద రెండున్నర గంటల దారి. అలా పిలుపు వచ్చిన ఒక డిఫెన్స్‌మన్‌కి బ్యాగు సర్దడంలో సాయం చేశాను. చేతులు వణుకుతున్నాయి, స్కేట్ లేసు ముడి విప్పలేకపోయాడు. రూములో ఉన్న ప్రతివాడూ లేచి వచ్చి భుజం తట్టాడు, ఆ పిలుపు కోసం తామూ కాచుకుని కూర్చున్నవాళ్ళే అయినా. ఆటగాణ్ణి వదిలేయడం కూడా అంతే తొందరగా జరుగుతుంది. ట్రేడ్ అయినవాడు, అంటే వేరే టీముకి మార్చేసినవాడు, ఒక్కోసారి ఆ రాత్రే కారెక్కి పోవాలి.

మరి ఎందుకు ఆడతారు? ఆ సీజన్‌లో ఎవర్ని కదిపినా బినింగ్టన్ పేరే చెప్పేవాళ్ళు. జోర్డన్ బినింగ్టన్ మాకు దగ్గర్లోని రిచ్‌మండ్ హిల్ కుర్రాడు, ఈ లీగులోనే కలమజూ టీముకి గోలీగా చేశాడు. 2019 జనవరిలో ఎన్‌హెచ్‌ఎల్‌లో అట్టడుగున ఉన్న సెయింట్ లూయిస్ టీములోకి వచ్చి జూన్‌కల్లా వాళ్ళకి ఆ లీగు ట్రోఫీ స్టాన్లీ కప్ తెచ్చిపెట్టాడు. లాటరీ కబుర్లు అని కొట్టిపారేయలేం. ఆ మనిషి కూర్చున్న బస్సుల్లాంటి వాటిలోనే వీళ్ళూ కూర్చున్నారు.

2020 మార్చి 12న లీగు ఆట ఆపింది, 14న మిగతా సీజన్ రద్దు చేసింది. మా లీగు ట్రోఫీ కెల్లీ కప్ ఆ ఏడాది ఎవరికీ ఇవ్వలేదు. ప్లేఆఫ్స్ అంటూ నెలల తరబడి దెబ్బలు దాచుకుని ఆడినవాళ్ళకి అది ఎంత కష్టమో మాటల్లో చెప్పలేను. మిగిలిన టేపు, టవళ్ళు లెక్కపెట్టి పెట్టెల్లో సర్దాం. సెప్టెంబర్‌లో కలుద్దాం అనుకున్నాం. తర్వాతి సీజన్‌లో మా టీము ఆడనేలేదు, 2021 ఫిబ్రవరిలో బీస్ట్‌ని మూసేశారు.

ఇప్పుడు అదే రింక్‌లో స్టీల్‌హెడ్స్ ఆడుతున్నారు. 2024లో మిస్సిసాగా నుంచి బ్రాంప్టన్‌కి మారిన జూనియర్ టీము అది, ఎక్కువమంది పదహారు నుంచి ఇరవై ఏళ్ళ లోపు పిల్లలే. బ్రాంప్టన్‌లో, మిల్టన్‌లో ఇళ్ళు కొనుక్కున్న మనవాళ్ళందరికీ చెబుతున్నాను, ఒక్కసారి పిల్లల్ని తీసుకెళ్ళండి. వచ్చిన టీము బెంచీకి దగ్గర్లో సీటు తీసుకోండి. ఆటగాళ్ళ వెనకాల స్టిక్కులు అందిస్తూ, ఊడిన బ్లేడు క్షణాల్లో మారుస్తూ ఒకాయన నిలబడి ఉంటాడు, కాసేపు ఆయన్నీ చూడండి. జాకెట్లు మర్చిపోవద్దు, లోపల చలి బాగానే ఉంటుంది.